మా నాయన రచ్చకట్టకు పోవడం మానేశాడు: వయసేనా, మతిమరుపు జబ్బా?

ప్రశ్న అడిగినాయన చాలా వివరంగా రాశారు. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. నాయనకు 71 ఏళ్ళు, అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర పల్లె. అమ్మ పోయి రెండేళ్ళయింది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. ఏడాదిగా నాయన నడక నెమ్మదించింది, చెప్పిందే చెప్తున్నారు, తెలిసిన మనుషుల పేర్లు తట్టడం లేదు. ఫోన్‌లో ఒకటి అడిగితే ఇంకొకటి చెప్తున్నారు. టీవీ సౌండ్ వీధిలోకి వినిపిస్తోంది. నలభై ఏళ్ళుగా సాయంత్రమైతే రచ్చకట్ట మీద కూర్చునే మనిషి ఇప్పుడు ఇల్లు కదలడం లేదు. ఇదంతా వయసేనా, మతిమరుపు జబ్బు మొదలైందా, బెంగళూరుకు తెచ్చి పెట్టుకోవాలా అని అడిగారు.

నేను అనంతపురంలో 26 ఏళ్ళుగా జనరల్ ఫిజీషియన్‌ని. నా ఓపీలో సగం మంది అరవై దాటినవాళ్ళే. ఈ ప్రశ్న నెలకు పదిసార్లయినా వింటాను, ఎక్కువగా ఫోన్‌లో, ఎక్కువగా ఊళ్ళో లేని కొడుకుల నుంచి.

మీరు రాసినదాన్ని బట్టి ఇది ముందు చెవుల సమస్యలా కనిపిస్తోంది. దాని మీద కొంత వయసు, కొంత ఒంటరితనం. మతిమరుపు జబ్బు అసలు లేదని మనిషిని చూడకుండా చెప్పలేను. కానీ ముందు చెవులు చూపించండి, తర్వాత నాలుగు రక్త పరీక్షలు చేయించండి. ఆ రెండూ అయ్యేదాకా ఆయన్ను ఇల్లు మార్చొద్దు.

చెవులే ముందు ఎందుకంటే, వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాలనూ ఒకేలా తగ్గించదు. సన్నని శబ్దాలు ముందు పోతాయి. మన మాటల్లో అచ్చులు బలంగా పలుకుతాయి, అవి వినపడతాయి. స, త, క, ప లాంటి హల్లులు సన్నగా వచ్చి క్షణంలో పోతాయి, అవి పట్టుకోవడం కష్టం. అందుకే పెద్దాయనకు మీరు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. 'పాలు పోసిందా' అంటే 'కాలు కోసిందా' అని వినపడినా ఆశ్చర్యం లేదు. ఇంట్లోవాళ్ళేమో 'వినపడుతుంది సార్, కావాలనే పట్టించుకోడు' అంటారు. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు సన్నగా ఉంటాయి కాబట్టి వాళ్ళ మాటలు ముందు పోతాయి. మీ కూతురు ఫోన్‌లో 'తాతా' అని మాట్లాడితే ఆయన వెంటనే ఫోన్ మీకు ఇచ్చేయమంటున్నారని రాశారు కదా. మనవరాలి మీద ప్రేమ తగ్గి కాదు, ఆ పాప మాట ఆయనకు ముక్కలు ముక్కలుగా వినపడుతోంది.

ఇక మరుపు సంగతి. వాక్యంలో సగం వినపడి మిగతా సగం ఊహించుకునే పనికే మెదడు అలసిపోతుంది. దాచుకోవడానికి మిగిలేది తక్కువ. సరిగ్గా వినపడని మాటను గుర్తుపెట్టుకునేదెట్లా? 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్, మనం జాగ్రత్తపడితే తగ్గించుకోగల డిమెన్షియా (మతిమరుపు జబ్బు) కారణాలు 14 చెప్పింది. వాటిలో వినికిడి లోపం పెద్దవాటిలో ఒకటి. అలాగని వినికిడి మిషన్ పెట్టుకుంటే డిమెన్షియా రానే రాదని షాపువాళ్ళు చెప్తే నమ్మొద్దు.

రచ్చకట్ట మాట చదవగానే నాకు ఒక రిటైర్డ్ కండక్టర్ గుర్తొచ్చాడు. బీపీ మందుల కోసం వచ్చేవాడు, మాటల పుట్ట. ఉన్నట్టుండి మూగనోము పట్టినట్టు అయిపోయాడు. డిప్రెషన్ అనుకుని ఒకరు మాత్ర కూడా మొదలుపెట్టారు. ఒకరోజు ఇంట్లోవాళ్ళను బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, ఎదురుగా కూర్చుని నిదానంగా అడిగితే చెప్పాడు. కట్ట మీద ఎవరో ఏదో చెప్పారట. ఈయనకు అర్థం కాలేదు. మొహమాటానికి నవ్వేశాడు. వాళ్ళు చెప్పింది ఒక చావు కబురు. అందరూ తన వైపు చూసిన ఆ చూపు మర్చిపోలేక ఆ రోజుతో కట్ట మానేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా. చెవుల్లో చూస్తే ఒక వైపు గుమిలి గట్టిపడి రాయి అయిపోయింది. అది తీయించి, రెండు చెవులకూ మిషన్లు పెట్టించాం. మళ్ళీ కట్టకు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. చెవి తొందరగానే బాగుపడింది, సిగ్గు పోవడానికే అంతకాలం పట్టింది.

మీరు ఈసారి ఊరికి పోయినప్పుడు ఆయన వెనక రెండు అడుగుల దూరంలో నిలబడి, ఒక చెవి మూయించి, గుసగుసగా మూడు అంకెలు చెప్పి తిరిగి చెప్పమనండి. ఎదురుగా వద్దు, పెదాలు చూసి పట్టేస్తారు. రెండు వైపులా చేయండి. తప్పితే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు. ముందు గుమిలి, చీము ఉన్నాయేమో చూస్తారు, తర్వాత ఆడియోమెట్రీ, అంటే వినికిడి ఎంత ఉందో కొలిచే పరీక్ష. మిషన్ పెట్టిన మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు, బండి హారన్ తల పగలగొడతాయి. మెదడు మళ్ళీ అలవాటు పడాలి. ఇది ముందే చెప్పకపోతే మిషన్ మూడో రోజు బీరువాలోకి పోతుంది, ఇక బయటికి రాదు. రోజుకు గంటతో మొదలుపెట్టి పెంచమనండి. అరవడం మాత్రం మానండి. అరిస్తే అచ్చులే పెరుగుతాయి, హల్లులు స్పష్టం కావు. పైగా తిడుతున్నట్టు ఉంటుంది. ముఖం కనిపించేలా కూర్చుని, టీవీ ఆపి, నిదానంగా మాట్లాడితే చాలు. మీది అలాంటి కుటుంబం కాకపోయినా చెప్తాను, పేదరికపు రేఖకు దిగువన ఉన్న కుటుంబాల్లోని పెద్దవాళ్ళకు కేంద్రం వాళ్ళ రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది, 2017లో మొదలైంది. దాని కింద వినికిడి మిషన్లు, చేతికర్రలు, కళ్ళజోళ్ళు ఇస్తారు.

ఇప్పుడు జ్ఞాపకశక్తి. వయసుతో మెదడు వేగం తగ్గుతుంది, సరుకు తగ్గదు. పేరు నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోవడం, రెండు పనులు ఒకేసారి చేయలేకపోవడం, కొత్త ఫోన్ నేర్చుకోవడానికి నెల పట్టడం, ఇవన్నీ సహజం. మాటల భాండారం, అనుభవంతో వచ్చిన అంచనా చాలాకాలం నిలబడతాయి. చేనులో ఒక చెనక్కాయ చెట్టు పీకి ఊడలు చూసి ఎకరాకు ఎన్ని మూటలు వస్తాయో చెప్పే రైతు, 75 ఏళ్ళకు కూడా అదే చెప్తాడు. వెళ్ళొచ్చిన పెళ్ళిలో ఎవరు కలిశారో మాత్రం ఆలోచించి చెప్తాడు.

జబ్బు వేరేలా ఉంటుంది. పక్కింటాయన పేరు మర్చిపోయి రాత్రి మంచమెక్కాక గుర్తొస్తే అది వయసు. నలభై ఏళ్ళు నడిచిన తన చేని దారిలో ఎటు పోవాలో తెలియక నిలబడిపోతే అది జబ్బు. అడిగిన ప్రశ్ననే పది నిమిషాల్లో మూడోసారి, మొదటిసారి అడిగినట్టు అడగడం. పాలవాడికి డబ్బులిచ్చి ఇవ్వలేదని వాదించడం. పొయ్యి మీద పెట్టింది తరచూ మాడిపోవడం. ఇంకొకటి నా అనుభవంలో బాగా పనికొచ్చింది. 'నాకు మతిమరుపు వచ్చింది సార్' అని తానే వచ్చి బాధపడే మనిషికి చాలాసార్లు పెద్ద జబ్బు ఉండదు. ఇంట్లోవాళ్ళంతా కంగారుపడుతుంటే తను మాత్రం 'నాకేమైంది, బాగానే ఉన్నా' అంటే నేను టెన్షన్ పడతాను. మీ నాయన చెప్పిందే చెప్పడం పాత కథలా, లేక ఇందాకటి ప్రశ్నా అన్నది మీ ప్రశ్నలో లేదు. పాత కథలైతే అది ముసలితనపు హక్కు, వినండి. ఇందాకటి ప్రశ్న అయితే చూపించాలి.

మన దేశంలో 60 దాటినవాళ్ళలో డిమెన్షియా ఉన్నవాళ్ళు నూటికి 7 మంది పైచిలుకు అని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా. వయసు పెరిగేకొద్దీ పెరుగుతుంది, నిజమే. కానీ 71 ఏళ్ళ మనిషి పేరు మర్చిపోగానే ఆ ముద్ర వేయక్కర్లేదు.

పరీక్ష చేసే డాక్టర్‌ను కూడా చూసి ఎంచుకోండి. చదువుకోని రైతును 'ఈరోజు తేదీ ఎంత, 100 లోంచి 7 తీసేస్తూ పో' అని అడిగి ఫెయిల్ చేయడం న్యాయం కాదు. నేను 'ఇప్పుడు ఏ కార్తె నడుస్తోంది పెద్దాయనా?' అంటాను. మృగశిర పోయి ఆరుద్ర వచ్చిందా లేదా అన్నది కేలండర్ చూసే నాకంటే ఆయనకే బాగా తెలుస్తుంది. ఐదు వందల నోటిచ్చి నూట ఎనభైకి సరుకు తెస్తే చిల్లర ఎంత రావాలి అంటాను. మంచం, వేపచెట్టు, రూపాయి అని మూడు మాటలు చెప్పి, కాసేపు వాన సంగతి మాట్లాడి, మళ్ళీ అడుగుతాను. చెవి వినపడకపోతే ఇవన్నీ తప్పే వస్తాయని గుర్తుంచుకోండి. అందుకే చెవులు ముందు అన్నాను.

రక్త పరీక్షలు ఇవి: థైరాయిడ్, బీ12, సోడియం (రక్తంలో ఉప్పు), షుగర్. దీంతోపాటు హిమోగ్లోబిన్, కిడ్నీ పరీక్ష కూడా ఎలాగూ చేస్తారు. షుగర్‌కు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళలో బీ12 తగ్గే అవకాశం ఎక్కువ. బీ12 తగ్గితే మతిమరుపు, అరికాళ్ళ మంటలు, నడకలో తూలడం అన్నీ రావచ్చు. ముందే పట్టుకుంటే మందుతో పోతుంది.

ఆయన వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్నవి కూడా. జలుబు మాత్రలు, దురద మాత్రలు, నిద్ర మాత్రలు, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చేవి, వీటిలో చాలావాటికి పెద్దవాళ్ళ మెదడును మందగింపజేసే గుణం ఉంది. ఒక పెద్దామె సంచిలో ఒకే బీపీ మందు మూడు కంపెనీల పేర్లతో దొరికింది. ముగ్గురు డాక్టర్లు రాశారు, ఆమె మూడూ వేసుకుంటోంది, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతున్నాయని నాలుగో డాక్టర్‌గా నా దగ్గరకు వచ్చింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఏళ్ళ తరబడి వచ్చే మార్పును వయసు అని అనుమానించొచ్చు. రోజుల్లో, వారాల్లో వచ్చిన మార్పు వయసు కానే కాదు. డిమెన్షియా కూడా నెమ్మదిగానే వస్తుంది కాబట్టి నెమ్మదిగా వచ్చిందంతా మంచిదే అనలేం. కానీ తొందరగా వచ్చింది మాత్రం ఖచ్చితంగా వెతకాల్సిందే. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈరోజు పొంతన లేకుండా మాట్లాడితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, సోడియం పడిపోవడం, మూత్రం బిగియడం, ఆఖరికి వారం రోజుల మలబద్ధకం కూడా కారణం కావచ్చు. పెద్దవాళ్ళలో జ్వరం లేకుండానే ఇన్‌ఫెక్షన్ ఉంటుంది.

ఒక మే నెలలో కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకామెను తెచ్చారు. మూడు రోజులుగా చనిపోయిన చెల్లెలితో మాట్లాడుతోంది, గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, చీర కొంగులో నిమ్మకాయ ఇంకా ఉంది. సోడియం 116. మామూలుగా 135 పైన ఉండాలి. మూత్రం ఎక్కువ పోయించే రకం బీపీ మాత్ర, దానిపై వాంతులు, తిండి లేక ఉత్త నీళ్ళే తాగడం, అన్నీ కలిశాయి. అది ఒక్కసారిగా ఎక్కించేది కాదు, నెమ్మదిగా పెంచాలి. నాలుగో రోజు పొద్దున రౌండ్స్‌కు పోతే ఆమె నన్ను అడిగిన మొదటి మాట: 'ఎనుముకు మేత ఎవరేస్తున్నారు నాయనా?'

ఈ తప్పు మా ఇంట్లో నేనే చేశాను కాబట్టి అదీ చెప్తాను. మా అమ్మకు అప్పుడు 78. వంటింటి ద్వారబంధానికి తల కొట్టుకుంది. బొప్పి కూడా కట్టలేదు, అందరం మర్చిపోయాం. మూడు వారాల తర్వాత మధ్యాహ్నాలు ఎక్కువ నిద్రపోవడం మొదలైంది. మాట కాస్త మందం. 'వయసు కదా' అన్నాను నేను, డాక్టర్‌ని. నాలుగు రోజులు అలాగే అన్నాను. ఐదో రోజు నా భార్య ఒక చెప్పు తెచ్చి నా ముందు పెట్టింది. 'అత్తమ్మ ఎడమ చెప్పు. రోజూ నడవలో ఒక్కటే దొరుకుతోంది. కాలికి నిలబడడం లేదు.' సీటీ స్కాన్ తీస్తే పుర్రెకు, మెదడుకు మధ్య రక్తం గడ్డకట్టి ఉంది. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, రక్తనాళాలు సాగి ఉంటాయి, చిన్న దెబ్బకే చిట్లి వారాల తరబడి ఊరుతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే ఆస్పిరిన్ కూడా అమ్మ వేసుకునేది. ఆపరేషన్ అయింది, తర్వాత ఆరేళ్ళు బతికింది. మీ నాయన రెండుసార్లు పడబోయారని రాశారు. పడ్డారా, తల తగిలిందా అని సూటిగా అడగండి. పెద్దవాళ్ళు పడినా చెప్పరు.

నడక గురించి. ముప్పై దాటినప్పటి నుంచే కండ తగ్గుతూ వస్తుంది, అరవై తర్వాత వేగం పెరుగుతుంది. చేతులు రెండూ ఎదకు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పదిహేను సెకన్లు దాటితే తొడల్లో బలం తగ్గినట్టే. అదే పరీక్ష రోజుకు రెండుపూటలా చేస్తే అదే మందు. పక్కన గోడో, మంచం కోడో పట్టుకోవడానికి ఉండాలి. తిండి కూడా అడగండి. అమ్మ పోయాక మగవాళ్ళు ఒంటరిగా ఏం తింటారో నాకు తెలుసు: పొద్దున సంగటి, రాత్రి అదే సంగటి, ఊరగాయ. సంగటి మంచిదే, కానీ కండకు పప్పు, గుడ్డు, పాలు, ఉలవలు, చెనక్కాయలు కావాలి. కిడ్నీ జబ్బు లేకపోతే కిలో బరువుకు గ్రాము నుంచి గ్రామున్నర మధ్య ప్రోటీన్ పెట్టుకోవచ్చు. చొక్కా వదులైందేమో చూడండి. ఆరు నెలల నుంచి ఏడాదిలో బరువు నూటికి ఐదు వంతులు తగ్గితే అది వయసు లెక్కలోకి రాదు.

రాత్రి మూత్రానికి లేవడం మన పల్లెల్లో పడిపోవడాలకు ఒక పెద్ద కారణం. బాత్రూం బయట, లైటు లేదు, కుంగిన నవారు మంచం. లేవగానే నడవకుండా ఒక నిమిషం మంచం అంచున కూర్చోవాలి. లైటు ఒకటి పెట్టించండి, నవారు బిగించండి, ముందు ఈ రెండూ చేయండి. దాహం కూడా వయసుతో మొద్దుబారుతుంది. మన ఎండలకు దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమే. గుండె, కిడ్నీ డాక్టర్లు నీళ్ళు తగ్గించమని ఉంటే తప్ప, చెంబు లెక్కన తాగించాలి. ఇంకొక మాట, ఇది మన జిల్లాది. కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్ళు దశాబ్దాలు తాగినవాళ్ళకు నడుము, మెడ బిగుసుకుని చిన్న అడుగులు వేస్తారు. అదీ వయసు ఖాతాలోనే పడిపోతుంటుంది. మీ ఊరి నీళ్ళు ఎక్కడివో కనుక్కోండి.

వేలిముద్ర పడక పింఛన్ దగ్గర ఇబ్బంది పడుతున్నారని కూడా రాశారు. అది జబ్బు కాదు. చర్మం పలచబడి, వేలి గీతలు అరిగిపోతాయి, పొలం పని చేసిన చేతులకు మరీ ఎక్కువ. ముఖం చూసి గుర్తించే పద్ధతి ఉందేమో గ్రామ సచివాలయంలో అడగండి.

చివరికి బెంగళూరు. ఉరవకొండ వైపు చాలామందికి కన్నడ వచ్చు, భాష పెద్ద అడ్డం కాదు. అడ్డం ఏమిటంటే, పొద్దున తొమ్మిదికి మీరిద్దరూ వెళ్ళిపోతే నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఆయనతో మాట్లాడే మనిషి ఉండడు. ముసలితనంలో స్నేహితులు తగ్గడం కొంతవరకు మనిషి ఎంచుకునేదే. పది మంది పోయి ముగ్గురు మిగిలినా ఆ ముగ్గురూ దగ్గరివాళ్ళయితే చాలు. మీ నాయనకు ఆ ముగ్గురూ రచ్చకట్ట మీదే ఉన్నారు. మతిమరుపు మొదలైన మనిషికైతే కొత్త ఇల్లు ఇంకా గందరగోళం. రాత్రి బాత్రూం ఎటో తెలియదు. ముందు చెవి బాగు చేసి, ఊళ్ళోనే ఉంచి, మధ్యాహ్నం ఒకపూట వంట చేసిపెట్టే మనిషిని చూడండి. ఆ తర్వాత ఒక నెల బెంగళూరుకు రమ్మనండి, తిరుగు టికెట్‌తో సహా. పొయ్యి ఆర్పడం మర్చిపోవడం, దారి తప్పడం లాంటివి ఉంటే మాత్రం ఈ మాట వర్తించదు, ఒంటరిగా ఉంచొద్దు.

డిప్రెషన్ కూడా చూడాలి. భార్య పోయిన మగవాళ్ళలో అది ఏడుపుగా కనిపించదు. తెల్లవారి మూడింటికే మెలకువ, తిండి రుచించకపోవడం, 'ఎందుకు బతికినానో' అని మాటల మధ్య జారిపోయే మాట. ఆ మాట వింటే ఊరికే అన్నారులే అని వదలకండి. సైకియాట్రిస్ట్‌కు చూపించేదాకా 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవాళ్ళ మిగతా సమస్యలకు ఎల్డర్‌లైన్ అనే హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14567.

డాక్టర్ దగ్గరకు పోయే రోజు ఆయనతో రోజూ ఉండే మనిషిని వెంట తీసుకెళ్ళండి. నెలకోసారి వచ్చే మీకంటే పాలు పోసే పక్కింటామె ఎక్కువ చెప్పగలదు. ఆయన్ను అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పొద్దు. డాక్టర్ మీ వైపు చూసి అడిగితే 'నాయననే అడగండి సార్, కొంచెం గట్టిగా కాకుండా నిదానంగా' అనండి. ఆడియోమెట్రీ రిపోర్టు వచ్చాక, పేరు కనపడకుండా ఇక్కడే కింద పెట్టండి, చూసి చెప్తాను.